ఫోను ఆయువుపట్టు ఎక్కడుంది?

నాలుగేళ్ల కిందట కొన్న మామూలు ఆండ్రాయిడ్ ఫోను ఒకటి తీసుకుందాం. తెర మీద సన్నటి గీత తప్ప వంక పెట్టడానికేమీ లేదు. బ్యాటరీ ఈమధ్యే మార్పించారు. కాల్స్, వాట్సాప్, ఫోన్‌పే అన్నీ నడుస్తున్నాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అప్‌డేట్ నొక్కితే 'మీ ఫోన్ అప్ టు డేట్‌గా ఉంది' అని ధీమాగా చెబుతుంది. ఆ మాట కిందే చిన్న అక్షరాల్లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. చూస్తే అది రెండేళ్ల నాటిది. ఫోను అబద్ధమాడలేదు. ఆ మోడల్‌కు కంపెనీ చివరిసారి ఇచ్చింది అదే కాబట్టి దాని లెక్కలో అదే తాజాది. ఇక మీదట ఏమీ రాదన్న సంగతి మాత్రం పైకి చెప్పదు. నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువుకు లోలోపల గడువు తీరిపోవడం, ఆ సంగతి వాడేవాళ్లకే తెలియకపోవడం ఎలా జరుగుతోంది?

పర్యావరణానికి మేలు చేసే ఫోను అనగానే ప్రకటనల్లో కనిపించేవి రీసైకిల్ ప్లాస్టిక్, కాగితం డబ్బా, ఛార్జర్ లేని ప్యాకింగ్. లెక్కలు చూస్తే కథ వేరు. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా పనిచేసే ఫెయిర్‌ఫోన్ కంపెనీ తన మూడో మోడల్‌ను బెర్లిన్‌లోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థ చేత 2020లో మదింపు చేయించింది. మూడేళ్ల వాడకానికి ఆ ఫోను వల్ల గాలిలో కలిసే కర్బన ఉద్గారాలు సుమారు 40 కిలోలని తేలింది. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా తయారీలోనే వెలువడుతోంది. రోజూ ఛార్జింగుకు వాడే కరెంటు దాని ముందు చాలా తక్కువ. అంటే ఫోను మన చేతికి వచ్చేసరికే నష్టం చాలావరకు జరిగిపోయింది. ఆ నష్టాన్ని మూడేళ్లకు పంచుతామా, ఏడేళ్లకు పంచుతామా అన్నదొక్కటే ఇక మన చేతిలో ఉన్నది.

ఏడేళ్లు వాడటం మనవాళ్లకు కొత్తేమీ కాదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో అడుగుపెడితే తెర, బ్యాటరీ, ఛార్జింగ్ పోర్టు, స్పీకరు దేనికదే విడిగా దొరుకుతుంది, కూర్చోబెట్టి మార్చి ఇస్తారు. ఇంట్లో కొడుకు కొత్తది కొనుక్కుంటే పాతది నాన్నకో అమ్మకో వెళుతుంది, అక్కడినుంచి పనిచేసే మనిషికో సెకండ్ హ్యాండ్ దుకాణానికో చేరుతుంది. వస్తువును చివరిదాకా వాడుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మరమ్మతు దుకాణంలో దొరకనిది ఒక్కటే, కొత్త సెక్యూరిటీ ప్యాచ్. అందుకే నా వాదన ఇది: ఫోను ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేది దాని స్క్రూలు కావు, చిప్పు తయారుచేసిన కంపెనీ ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఇస్తుందన్నది. ఆ గడువు తీరిన రోజు ముందుగా దెబ్బతినేది ఫోను వేగం కాదు, వాడేవారి గోప్యత.

దుబాసీ వెళ్లిపోతే

ఆండ్రాయిడ్‌ను రాసేది గూగుల్. చిప్పు తయారుచేసేది క్వాల్‌కామో మీడియాటెకో. ఈ ఇద్దరి భాషలు వేరు. 'ఫొటో తియ్యి' అని ఆండ్రాయిడ్ అంటే ఆ మాటను కెమెరా చిప్పుకు అర్థమయ్యే సంకేతాలుగా మార్చడానికి మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. పూర్వం దొరలకూ రైతులకూ మధ్య నిలబడిన దుబాసీ పనే అది. గ్రాఫిక్స్‌కు ఒక దుబాసీ, మొబైల్ సిగ్నల్ చూసుకునే మోడెమ్‌కు ఒకడు, బ్లూటూత్‌కు ఒకడు. వీళ్లందరినీ పంపించేది చిప్పు కంపెనీయే. పైగా వీళ్ల ప్రోగ్రాములు చాలావరకు మూసిన డబ్బాల్లా వస్తాయి. లోపల ఏం రాసి ఉందో ఫోను కంపెనీకి కూడా కనిపించదు, దిద్దడానికి వీలుండదు.

ఇప్పుడు ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ వచ్చిందనుకుందాం. యజమాని మాట్లాడే తీరు మారింది. దుబాసీ మళ్లీ నేర్చుకోవాలి. నేర్పించి పంపాల్సిన చిప్పు కంపెనీకి అప్పటికే తర్వాతి చిప్పులు మార్కెట్లో ఉంటాయి. పాత చిప్పుకు ఇంజినీర్లను కేటాయిస్తే దానికి అదనంగా వచ్చే రాబడి ఏమీ లేదు. దాంతో చేతులు దులుపుకుంటుంది. ఫోను కంపెనీకి ఎంత మంచి మనసున్నా అక్కడితో ఆగిపోవాల్సిందే.

ఈ గోడను తల బద్దలయ్యేలా ఢీకొట్టి చూసింది ఫెయిర్‌ఫోన్ 2. 2015 డిసెంబరులో అమ్మకానికి వచ్చిన ఈ ఫోను విడిభాగాలను ఇంట్లోనే ఎవరైనా మార్చుకోవచ్చు. మరమ్మతులో దానికి సాటి లేదు. కానీ దాని గుండెలో ఉన్నది స్నాప్‌డ్రాగన్ 801 చిప్పు. 2016లో ఆండ్రాయిడ్ 7 వచ్చినప్పుడు క్వాల్‌కామ్ ఆ చిప్పుకు కొత్త డ్రైవర్లు ఇవ్వలేదు. అదే చిప్పుతో ఉన్న పెద్ద కంపెనీల ఫోన్లు అక్కడితో సర్దుకున్నాయి. ఫెయిర్‌ఫోన్ మాత్రం పాత దుబాసీలతోనే కొత్త ఆండ్రాయిడ్‌ను మాట్లాడించే పనికి పూనుకుంది. ఆండ్రాయిడ్ 7 ఆ ఫోనుకు చేరేసరికి 2018 నవంబరు అయింది, అంటే గూగుల్ విడుదల చేసిన రెండేళ్లకు. ఆండ్రాయిడ్ 9 చేరింది 2021లో. గూగుల్ ముద్ర పడాలంటే దాటాల్సిన పరీక్షలు లక్షల్లో ఉంటాయి, వాటిలో ఒక్కొక్కటీ తప్పుతుంటే వెనక్కి వెళ్లి దిద్దుకుంటూ రావాలి. చివరికి 2023 మార్చిలో ఆ ఫోనుకు ఆఖరి అప్‌డేట్ ఇచ్చి సెలవు చెప్పారు. ఏడేళ్లు దాటి బతికించారు, నిజమే. అయితే ఆ ఏడేళ్లలో చాలాకాలం అది ఆండ్రాయిడ్ వెర్షన్‌లో రెండు మూడు మెట్లు వెనకబడే నడిచింది. విడిభాగాలన్నీ ఊడదీసి మార్చగల ఫోనులో మార్చలేని భాగం చిప్పే అని ఆ కంపెనీ తన కష్టంతో నిరూపించింది.

ఆ పాఠం వాళ్ల తర్వాతి ఎంపికలో కనిపిస్తుంది. 2023లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 5లో మామూలు ఫోన్ల చిప్పు పెట్టలేదు. ఫ్యాక్టరీ యంత్రాలు, బిల్లింగ్ పరికరాల వంటి వాటి కోసం క్వాల్‌కామ్ తయారుచేసే క్యూసీఎం6490 పెట్టారు. ఫ్యాక్టరీ వాళ్లు రెండేళ్లకోసారి యంత్రాలు మార్చరు కాబట్టి అలాంటి చిప్పులకు కంపెనీ ఎక్కువ ఏళ్లు మద్దతు రాసిస్తుంది. వేగంలో అది ఆ ఏటి ఖరీదైన చిప్పులకు సరితూగదు. దాని బదులు 2031 వరకు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాటివ్వగలిగింది. నా ఉద్దేశంలో ఈ పదేళ్లలో ఫోన్ల పర్యావరణ చరిత్రలో జరిగిన తెలివైన పని ఇది, ఏ ప్రకటనలోనూ పెద్దక్షరాలతో కనిపించకపోయినా.

ఆపిల్ ఫోన్లు ఎక్కువ కాలం అప్‌డేట్లు అందుకోవడానికీ కారణం ఇదే. చిప్పూ, సాఫ్ట్‌వేరూ ఒకే ఇంటివి, దుబాసీని బయటినుంచి అడుక్కోనక్కర్లేదు. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా ఒక సెక్యూరిటీ ప్యాచ్ అందింది. గూగుల్ సైతం సొంత చిప్పు పెట్టుకున్నాక 2023లో పిక్సెల్ 8కు ఏడేళ్లు ప్రకటించింది, మరుసటి ఏడాది శాంసంగ్ ఎస్24కు అదే మాట చెప్పింది.

ప్యాచ్ బయటికొచ్చిన రోజే

సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఎప్పుడూ ఉంటాయి, నా ఫోను నిన్నటిదాకా సురక్షితమైతే అప్‌డేట్ ఆగిన మర్నాడు హఠాత్తుగా ప్రమాదం ఎందుకు పెరుగుతుంది అని అడగవచ్చు. పెరిగేది లోపం కాదు, ఆ లోపం గురించి లోకానికి ఉన్న తెలివిడి. గూగుల్ నెలనెలా ఇన్ని లోపాలు సరిదిద్దామని ఒక జాబితా ప్రచురిస్తుంది. పాత కోడును, కొత్త కోడును పక్కపక్కన పెట్టి ఏ వరుస మారిందో చూస్తే లోపం ఎక్కడుందో వేలుపెట్టి చూపినట్టు తెలిసిపోతుంది. ప్యాచ్ అందుకున్న ఫోన్లకు అది రక్షణ. అందుకోని ఫోన్ల మీదికి ఎలా వెళ్లాలో దొంగలకు అదే దారి చూపిస్తుంది. అప్‌డేట్ ఆగిపోయిన ఫోనుకు ప్రతి నెలా ఇలాంటి దారులు కొన్ని కలుస్తుంటాయి, ఒక్కటీ మూసుకోదు.

దీని తీవ్రత తెలియాలంటే 2023 మార్చి సంగతి చూడాలి. శాంసంగ్ ఎగ్జినోస్ మోడెమ్ చిప్పుల్లో 18 లోపాలున్నాయని గూగుల్ పరిశోధక బృందం ప్రాజెక్ట్ జీరో ప్రకటించింది. వాటిలో నాలుగు మరీ ఘోరమైనవి. అవతలివాడికి మన ఫోన్ నంబరు తెలిస్తే చాలు, మోడెమ్‌లోకి చొరబడగలడు. లింకు నొక్కక్కర్లేదు, కాల్ ఎత్తక్కర్లేదు, మన ప్రమేయమే అక్కర్లేదు. కొన్ని శాంసంగ్, వివో, పిక్సెల్ మోడళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. ప్యాచ్ వచ్చేదాకా వైఫై కాలింగునూ, 4జీ మీద కాల్స్ నడిపే వోల్టీనీ ఆపేసుకోమని వాళ్లు ఇచ్చిన సలహా. కానీ జియో సిమ్ పూర్తిగా వోల్టీ మీదే నడుస్తుంది. వోల్టీ ఆపితే కాల్సే ఉండవు. మన దేశంలో కోట్లమందికి ఆ సలహా సలహాయే కాదు, ప్యాచ్ ఒక్కటే దిక్కు. మోడెమ్‌కు ప్యాచ్ రావాల్సింది చిప్పు కంపెనీ నుంచి.

బాక్స్: తేదీలో చివరి రెండంకెలు

మీ ఫోనులో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ వరుసగా తెరిస్తే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. ఏడాది, నెల చూసి ఊరుకోకుండా తారీఖు కూడా చూడండి. గూగుల్ ప్రతి బులెటిన్‌కూ రెండు మట్టాలు పెట్టింది. 1వ తారీఖు ఉంటే ఆండ్రాయిడ్‌లోని లోపాలు మాత్రమే సరిచేశారని అర్థం. 5వ తారీఖు ఉంటే ఆండ్రాయిడ్‌కు పునాదిగా ఉండే లైనక్స్ కెర్నెల్, చిప్పు కంపెనీల డ్రైవర్ల లోపాలు కూడా సరిచేశామని ఫోను కంపెనీ చెబుతోందని అర్థం. చెబుతోంది అని అనడానికి కారణం ఉంది. 2018లో జర్మనీకి చెందిన ఎస్ఆర్ ల్యాబ్స్ పరిశోధకులు కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ 1,200 ఫోన్ల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. కొన్ని కంపెనీలు తేదీని ముందుకు జరిపి, దానికి తగిన ప్యాచ్‌లను మాత్రం పూర్తిగా పెట్టకుండా వదిలేశాయని బయటపెట్టారు. చౌక చిప్పుల ఫోన్లలో ఈ లోటు ఎక్కువగా కనిపించింది.

బయటివాడు సరే, లోపలివాడు?

ఇంతవరకు చెప్పింది దొంగ గురించి. గోప్యతకు ఇంకో ముఖముంది. ఎవరూ చొరబడకుండానే ఫోను తనంతట తాను ఎవరికేం చెబుతోందన్నది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి చెందిన డగ్లస్ లీత్ 2021 మార్చిలో ప్రచురించిన పరిశీలనలో, బల్ల మీద ఊరికే పడున్నప్పుడు కూడా ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ సగటున నాలుగున్నర నిమిషాలకోసారి తమ తమ కంపెనీలకు సమాచారం పంపుతున్నాయని తేలింది. అదే ఏడాది అక్టోబరులో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వారితో కలిసి శాంసంగ్, షావోమీ, హువావే, రియల్‌మీ ఫోన్లనూ, లీనియేజ్ ఓఎస్, /ఈ/ఓఎస్ అనే ప్రత్యామ్నాయ వ్యవస్థలనూ పరీక్షించారు. ఫోనుతోపాటే వచ్చి, తీసేయడానికి వీలులేని యాప్‌లు గణనీయంగా సమాచారం పంపుతున్నాయి. చెప్పుకోదగ్గ మినహాయింపు /ఈ/ఓఎస్ ఒక్కటే. ఫ్రాన్స్‌కు చెందిన గాయెల్ దువాల్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థలో గూగుల్ సేవలను తీసేసి ఉంటారు. ఫెయిర్‌ఫోన్లను ఈ వ్యవస్థతో కూడా అమ్ముతున్నారు.

ఇక్కడ ఫోను ఆయుష్షుకూ గోప్యతకూ ఉన్న ముడి బిగుస్తుంది. ప్రతి ఫోనుకూ ఐఎంఈఐ అనే నంబరు ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అది మారదు. ఆండ్రాయిడ్ 9 వరకు ఫోన్ అనుమతి తీసుకున్న ఏ యాప్ అయినా దాన్ని చదవగలిగేది. చదివితే ఒకసారి తీసేసి మళ్లీ వేసుకున్నా, ఖాతా మార్చినా, పాత మనిషే అని గుర్తుపడుతుంది. 2019లో ఆండ్రాయిడ్ 10 మామూలు యాప్‌లకు ఆ నంబరును మూసేసింది. లొకేషన్‌ను 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' ఇవ్వడం కూడా ఆ వెర్షన్‌తోనే వచ్చింది. మైకు, కెమెరా వాడకంలో ఉంటే మూలన పచ్చచుక్క వెలగడం 2021లో ఆండ్రాయిడ్ 12తో. అంటే ఈ రక్షణలన్నీ ఫోనుతో పాటు కొన్నవి కావు, తర్వాత అప్‌డేట్ ద్వారా అందినవి. అప్‌డేట్ ఆండ్రాయిడ్ 9 దగ్గర ఆగిన ఫోనును ఇంకో నాలుగేళ్లు వాడటమంటే, చెరిగిపోని ఒకే గుర్తింపు నంబరుతో ఇంకో నాలుగేళ్ల జాడలు పోగుచేసి పెట్టడమే. ఫోను ఎంత ఎక్కువ కాలం మన్నితే దాని దగ్గర మన గురించి అంత ఎక్కువ ఉంటుంది. గోప్యత పట్టించుకోని పర్యావరణ ఫోను ఈ లెక్కన సగం పనే చేసినట్టు.

అప్‌డేట్‌కు లేని మహిమలు అంటగట్టడం కూడా సరికాదు. 2020 చివర్లో తెలంగాణలో బయటపడ్డ లోన్ యాప్‌ల దారుణాల్లో, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడానికి వాడుకున్న కాంటాక్టులను యాప్‌లకు అప్పగించింది, గతిలేక, అనుమతి బటన్ నొక్కిన బాధితులే. దాన్ని ఏ ప్యాచూ ఆపలేదు. లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు అడగకూడదని ప్లే స్టోర్ 2023లో నియమం పెడితేనే కాస్త అడ్డుకట్ట పడింది.

'యాప్‌లు అప్‌డేట్ అవుతున్నాయిగా?'

తరచు వినిపించే మాట ఇది. నిజమే, ప్లే స్టోర్ నుంచి యాప్‌లు వస్తూనే ఉంటాయి. అయితే ఫోను సాఫ్ట్‌వేర్ అంతస్తులుగా ఉంటుంది. పైన యాప్‌లు, వాటి కింద గూగుల్ నేరుగా మార్చగల కొన్ని భాగాలు, దాని కింద ఆండ్రాయిడ్, అట్టడుగున కెర్నెల్, డ్రైవర్లు, మోడెమ్. ప్లే స్టోర్ చేయి పై అంతస్తులకే అందుతుంది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే బొమ్మల ఫార్మాట్‌ను చదివే కోడులో లోపం దొరికింది. ప్రత్యేకంగా తయారుచేసిన బొమ్మ ఒకటి తెరుచుకుంటే చాలు, దాడికి దారి దొరుకుతుంది. క్రోమ్ రోజుల్లో సరిచేసుకుంది. ఆండ్రాయిడ్‌లోనే ఉన్న అదే కోడు మాత్రం ఫోను కంపెనీ అప్‌డేట్ ఇస్తేనే మారుతుంది. ఆ యాప్‌లు కూడా ఎల్లకాలం రావు. 2025లో క్రోమ్ ఆండ్రాయిడ్ 8, 9లను వదిలేసింది.

అప్‌డేట్ చేస్తే ఫోను నెమ్మదిస్తుందన్న భయం ఇంకోటి. ఇది అపోహ అని కొట్టిపారేయలేం. 2017లో ఆపిల్ ఒక అప్‌డేట్‌తో పాత ఐఫోన్ల వేగాన్ని చెప్పకుండా తగ్గించింది, ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. కానీ అసలు కారణం బ్యాటరీలో ఉంది. నీరసించిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేక ఫోను ఆరిపోతుంటే దాన్ని ఆపడానికి వేగం తగ్గించారు. కొత్త బ్యాటరీ వేస్తే వేగం తిరిగొచ్చింది. ఆ అనుభవం చెప్పేది అప్‌డేట్ మానుకోమని కాదు, బ్యాటరీ సులువుగా మార్చుకోగలగాలని. అప్‌డేట్ భద్రత కోసమా, హంగుల కోసమా అన్నది విడదీసి ఇవ్వాలని కూడా.

మూడోది, కాస్త లోతు తెలిసినవాళ్లు అడిగేది. లీనియేజ్ ఓఎస్ వంటివి వేసుకుంటే పాత ఫోను ఎన్నాళ్లయినా నడుస్తుంది కదా అని. నడుస్తుంది. స్వచ్ఛందంగా పనిచేసే ఆ ప్రోగ్రామర్ల రుణం ఫోను ప్రపంచం తీర్చుకోలేనిది. అయినా వాళ్లు మార్చగలిగేది ఆండ్రాయిడ్‌ను, మూసిన డబ్బాలను కాదు. మోడెమ్ లోపం మోడెమ్‌లోనే ఉంటుంది. పైగా వేరే వ్యవస్థ వేసుకోవడానికి బూట్‌లోడర్ అనే తాళం తెరిచిన ఫోనును బ్యాంకింగ్ యాప్‌లు చాలాసార్లు నమ్మవు. కూరగాయల బండి దగ్గర కూడా స్కాన్ చేసి కట్టే మన ఊళ్లలో యూపీఐ నడవని ఫోను ఎంతమందికి పనికొస్తుంది? భద్రత విషయంలో అందరికన్నా పట్టుదలగా ఉండే గ్రాఫీన్ ఓఎస్ తన పూర్తి మద్దతును ఇన్నాళ్లూ పిక్సెల్ ఫోన్లకే పరిమితం చేసింది, గూగుల్ ఫర్మ్‌వేర్ ప్యాచ్‌లు ఆపిన మోడల్‌కు తానూ ఆ పూర్తి మద్దతు ఆపేస్తుంది. గోప్యంగా ఉండే ఫోను భద్రంగా ఉండాలని లేదు, భద్రమైనది గోప్యంగా ఉండాలనీ లేదు. రెండూ కలిసి రావాలంటే అట్టడుగు అంతస్తు యజమాని ఒప్పుకోవాలి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం డబ్బుది. ఏడేళ్ల మద్దతు లక్ష రూపాయల ఫోనుకు సాధ్యమే, పదిహేను వేల ఫోనులో మిగిలేదే అంతంతమాత్రం అయితే అన్నేళ్ల ఇంజినీర్ల జీతాలు ఎవరు కడతారు? ఇందులో నిజముంది. కానీ ఖర్చు పెరగడానికి పెద్ద కారణం చౌకదనం కాదు, మోడళ్ల గుంపు. పేరు చివర అక్షరం మార్చి, చిప్పు మార్చి, కెమెరా జరిపి ఏడాదికి డజన్ల మోడళ్లు దించితే ప్రతి దానికీ ప్యాచ్ విడిగా అతికించి పరీక్షించాలి. 2017లో గూగుల్ ప్రాజెక్ట్ ట్రెబుల్ పేరుతో ఆండ్రాయిడ్‌కూ డ్రైవర్లకూ మధ్య మాటల తీరును స్థిరం చేసింది. యజమాని మారినా దుబాసీ పాత పద్ధతిలోనే మాట్లాడితే చాలు. దాంతో వెర్షన్ మార్చే ఖర్చు తగ్గింది. శాంసంగ్ 2024లో సుమారు 19 వేల రూపాయలకు మన దేశంలో దించిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. వీలుకాదన్న వాదన అక్కడ వీగిపోయింది. మిగిలింది ఇష్టం, బలవంతం.

బలవంతం ఎవరు చేయాలి

ఐరోపా సమాఖ్య చేసింది. 2025 జూన్ 20 నుంచి అమలైన ఎకోడిజైన్ నిబంధన ప్రకారం ఒక మోడల్ అమ్మకం ఆగిన రోజు నుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు అందుబాటులో ఉండాలి. గడువు లెక్క విడుదల రోజు నుంచి కాకుండా అమ్మకం ఆగిన రోజు నుంచి మొదలవడం ఇందులో కీలకం. పాత మోడల్‌ను డిస్కౌంట్‌లో ఆఖర్న కొన్నవాళ్లకూ ఐదేళ్లు దక్కుతాయి. పండగ సేల్‌లో రెండేళ్ల నాటి మోడల్ కొనే మనలాంటివాళ్లకు ఆ తేడా ఎంతటిదో తెలుస్తుంది. బ్రిటన్ ఇంకా సులువైన పని చేసింది. 2024 ఏప్రిల్ 29 నుంచి, నెట్‌కు అనుసంధానమయ్యే వస్తువు అమ్మేవాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఏ తేదీ దాకా ఇస్తారో ప్రకటించాలంది. ఎన్నేళ్లు ఇవ్వాలో చెప్పలేదు, ఎంతిస్తారో బయటపెట్టమంది.

మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025 మేలో మొబైళ్లకు మరమ్మతు సూచీ మీద నివేదిక ఇచ్చింది. ఫోనును విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి అన్నవాటితోపాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా మార్కులు వేసే అంశాల్లో చేర్చింది. అది మంచి సంగతి. చిక్కల్లా ఆ మార్కులను కంపెనీలే తమకు తాము వేసుకుని ప్రకటించుకోవాలనడంలో ఉంది. విప్పి చూస్తే స్క్రూ ఉందో లేదో జగదీశ్ మార్కెట్ కుర్రాడు నిమిషంలో చెప్పేస్తాడు. తేదీ జరిపి ప్యాచ్ వదిలేస్తే చెప్పడానికి 1,200 ఫోన్ల సాఫ్ట్‌వేర్‌ను జల్లెడ పట్టే ప్రయోగశాల కావాలి. మరమ్మతు సూచీ నియమాలు రాసేటప్పుడు ఆ తనిఖీ పని ఎవరికి, ఏ ఖర్చుతో అప్పగిస్తారన్నది ముందుగా తేలాలి. సూచీ అంకె కన్నా ముందు డబ్బా మీద ధరకు పక్కనే, అంతే సైజు అక్షరాల్లో, అప్‌డేట్లు ఆగే నెల, సంవత్సరం అచ్చువేయమనడానికి మాత్రం ప్రయోగశాల కూడా అక్కర్లేదు.